పొద్దుమీకినంక అంటే సాయంత్రం

ఈ సంగతి రాయవచ్చా అని ముందుగా ఆమెనే అడిగాను. "రాయుండ్రి టీచర్, పేర్లు మాత్రం రాయకుండ్రి" అంది. అందుకని ఇందులో ఆమె పేరు లేదు, ఆమె పనిచేసిన దేశం పేరు లేదు, నా పేరూ లేదు. ఊళ్ల పేర్లు మాత్రం ఉన్నాయి. ఊళ్లకు ఫోన్ చేసి బెదిరించే వాళ్లెవరూ ఉండరు కదా.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను దంతాలపల్లి దగ్గర ఒక బడికి వేశారు. అక్కడ తొమ్మిదో తరగతిలో నా దగ్గర ఇంగ్లిష్ చదువుకున్న పిల్ల ఆమె. తరగతి మొత్తంలో గట్టిగా నవ్వేది ఆమే, డిక్టేషన్‌లో తక్కువ మార్కులు తెచ్చుకునేదీ ఆమే. "నీకు స్పెల్లింగు ఎందుకు రాదే?" అని కోప్పడితే, "నాకు వినవడ్డట్టు నేను రాస్తున్న టీచర్, ఆ ఇంగ్లిషోళ్లే ఇంకోతీర్గ రాసుకున్నరు" అనేది. ఆ జవాబుకు నేను నవ్వు ఆపుకోలేకపోయేదాన్ని.

తర్వాత నర్సు కోర్సు చదివింది. కొన్నాళ్లు హైదరాబాదులో చేసి, సముద్రాల అవతల ఒక చిన్న దేశంలో ఉద్యోగం దొరికితే వెళ్లిపోయింది. అక్కడ ఆరేళ్లు ఉంది. నెలకోసారి నాకు ఇంగ్లిష్‌లో పెద్ద మెసేజ్ పెట్టేది. చివర "దిద్దండి టీచర్" అని తెలుగులో ఉండేది. నేను పాలకుర్తి బస్సులో కూర్చుని తప్పులు దిద్ది తిరిగి పంపేదాన్ని. అప్పటికి నేను జనగామలో ఇల్లు కట్టుకుని, రోజూ పాలకుర్తి వైపు బడికి వెళ్లి వస్తున్నాను. ఆమె మెసేజ్‌లలో ఎక్కువగా ఒక డాక్టరమ్మ ఉండేది. అరవై దాటిన మనిషి, చండశాసనురాలు. చేతులు సరిగా కడుక్కోకపోయినా, చీటీ మీద టైము వేయకపోయినా ఊరుకునేది కాదట. "మీకంటే ఎక్కువ తిడతది టీచర్" అని రాసేది. నాకు కొంచెం అసూయగా కూడా ఉండేది.

మూడేళ్ల కిందట ఎండాకాలంలో, చెప్పాపెట్టకుండా జనగామలో మా ఇంటికి వచ్చింది. ఆరేళ్ల ఉద్యోగం ఒక్క పెట్టెలో సర్దుకుని వచ్చిందని తర్వాత తెలిసింది. మంచినీళ్లు తాగి, ఫ్యాను కింద కూర్చుని, నేను ఏమీ అడగకముందే చెప్పడం మొదలుపెట్టింది.

వాళ్ల ఆస్పత్రి ఉన్న పట్నంలో కూలీలు జీతాల కోసం వీధిలోకి వచ్చారు. మూడు రోజులు ప్రశాంతంగా కూర్చున్నారు. నాలుగో రోజు కాల్పులు జరిగాయి. ఆ సాయంత్రం ఈమె వార్డుకు పదకొండు మందిని మోసుకొచ్చారు. డాక్టరమ్మ ప్రతి మనిషి గురించీ తన సొంత నోట్‌బుక్‌లో కూడా రాసుకుంది. గుండు ఎక్కడ తగిలింది, ఎన్ని గంటలకు తెచ్చారు, ఎవరు తెచ్చారు. మర్నాడు సైనికులు వచ్చి ఆస్పత్రి రిజిస్టర్ పట్టుకుపోయారు. వారం తర్వాత డాక్టరమ్మనూ పట్టుకుపోయారు. ప్రభుత్వం ఒక ప్రకటన చేసింది. ఆ రోజు సాయంత్రం కర్ఫ్యూ ఉంది, వీధుల్లో ఎవరూ లేరు, దెబ్బలు తగిలిన వాళ్లు పొద్దున బజారులో తమలో తాము కొట్టుకున్నవాళ్లు, జనం విన్న చప్పుళ్లు క్వారీలో రాళ్లు పేల్చినవి అని.

"మరి ఎవరూ అడగలేదా?" అన్నాను.

"ఎందుకడగలే! వేరే వేరే దేశాలోళ్లు కల్సి విచారణ చేసెటందుకు ముగ్గురిని పెట్టిండ్రు. ఆళ్లకు వీసాలే ఇయ్యలే టీచర్. మా ఇంటి సంగతి మీకెందుకు అన్నరు. మమ్ముల్నందర్ని కాంట్రాక్టు అయిపోయిందని విమానం ఎక్కిచ్చిండ్రు. బయట ఏమన్న మాట్లాడితే ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ రాదు అన్నరు."

ఆరేళ్ల సర్టిఫికెట్ లేకపోతే ఆమె మళ్లీ కొత్త నర్సే. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.  తర్వాత ఆమె ఫోన్ తీసి ఒక నోటీసు చూపించింది. దేశంలోకి రానివ్వకపోయినా విచారణ ఆపబోమనీ, ఆ రోజు చూసినవాళ్లు ఏ దేశంలో ఉన్నా తమకు రాయవచ్చనీ, పేర్లు బయటపెట్టబోమనీ ఆ ముగ్గురూ ప్రకటించారు.

"నేను రాస్త టీచర్. మీరు దిద్దాలె. నా ఇంగ్లిషు చూసిండ్రంటే ఆళ్లు నన్నే జైల్ల ఏస్తరు" అని నవ్వింది. వచ్చిన తర్వాత మొదటిసారి నవ్వింది.

అలా మా పని మొదలైంది. వరుసగా నాలుగు ఆదివారాలు ఆమె మహబూబాబాద్‌లో రైలెక్కి జనగామకు వచ్చేది. ఆమె చెప్పేది, నేను రాసేదాన్ని. మొదటి ఆదివారం నేను రాసింది చదివి వినిపిస్తే మొహం అదోలా పెట్టింది. "పలువురు వ్యక్తులు గాయాలకు గురైనారు" అనే ధోరణిలో రాశాను, ఇంగ్లిష్‌లో అదే పద్ధతి అనుకుని.

"గట్ల కాదు టీచర్. ఆయన నా చెయ్యి పట్టుకొని, మా చెల్లె బయట ఉన్నది జర చూడమన్నడు. గదే రాయుండ్రి."

ఇన్నేళ్లు నేను దిద్దిన మనిషి నన్ను దిద్దింది. కొట్టేసి మళ్లీ రాశాను. ఉత్తరం చివరికి రెండు పేజీలైంది. అందులో పెద్ద మాటలు ఒక్కటీ లేవు. అంత మంచి ఇంగ్లిష్ నేను మళ్లీ రాయలేదు.

ఉత్తరం పంపిన నెలకు జవాబు వచ్చింది. వీడియోలో మాట్లాడాలి, సొంత భాషలోనే చెప్పాలి, దుబాసీని వాళ్లే పెడతారు. చుట్టుపక్కల ఎవరూ వినని చోటు, తెగిపోని నెట్ ఉండాలి. తోడుగా ఒక మనిషి కూర్చోవచ్చు, కానీ ఆ మనిషి నోరు విప్పకూడదు.

మొదటి ఇబ్బంది చోటుతో వచ్చింది. దంతాలపల్లిలో వాళ్ల అమ్మ దగ్గర ఫోన్ పట్టుకుని డాబా ఎక్కితే గాని సిగ్నల్ రాదు, డాబా ఎక్కితే వాడంతా వింటుంది. జనగామలో మా ఇంటి పక్కన ఫంక్షన్ హాలు, ముహూర్తాల రోజులు, పొద్దంతా బ్యాండు. చివరకు ఆమె అన్న క్వార్టర్ ఖాయం చేశాం. అతను భూపాలపల్లిలో బొగ్గు పనిలో ఉన్నాడు. క్వార్టర్‌లో మంచి నెట్ ఉంది, మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ ఉండరు.

రెండో ఇబ్బంది ఫోన్ రూపంలో వచ్చింది. వీడియోకు వారం ముందు, ఆమెను ఆ దేశానికి పంపిన ఏజెంటు తరఫున ఎవరో ఇంటికి ఫోన్ చేశారు. ఆమె బయటికి వెళ్లింది. వాళ్ల అమ్మ ఎత్తింది. ఆ సంభాషణను ఆమె తల్లి నాకు తర్వాత కళ్లకు కట్టినట్టు చెప్పింది.

"మీ అమ్మాయి ఎవరితోనైనా మాట్లాడుతోందా అని అడిగిండు పంతులమ్మా. మాట్లాడకుండ ఎట్లుంటది నాయినా, నోరున్న పిల్ల, పొద్దంత మాట్లాడుతనే ఉంటది అన్న. అది కాదమ్మా, సర్టిఫికెట్ సంగతి చెప్పండి, ఆమె భవిష్యత్తు అన్నడు. నువ్వు అన్నం తిన్నవా బిడ్డా అన్న. ఏం జెప్పలే. గొంతు చూస్తె తినలేనట్టే ఉన్నది. నీకు మీ అమ్మ ఫోన్ చేస్తదా అన్న. ఫోన్ పెట్టేసిండు."

అది విని నేను పడీపడీ నవ్వాను. కూతురు మాత్రం నవ్వలేదు. ఆ రాత్రంతా ఆమె పడుకోలేదని తర్వాత చెప్పింది. మర్నాడు నాకు ఫోన్ చేసి, "బుగులైతుంది టీచర్" అంది. నేను ధైర్యం చెప్పబోయి ఆగాను. నష్టపోయేది ఆమె, నాది ప్రభుత్వ ఉద్యోగం. "నువ్వు వద్దనుకుంటే వద్దు. నేను ఏమీ అనుకోను" అని నిజమే చెప్పాను.

అప్పుడు అంది: "డాక్టరమ్మకు కూడ గిట్లనే ఎవలో ఒకలు చెప్పే ఉంటరు గద, ఆ నోట్‌బుక్ చింపేయమని. ఆమె చింపలే. నేను వస్త టీచర్. మీరు హనుమకొండల నా కోసం ఆగుండ్రి."

నేను జనగామ నుంచి, ఆమె మహబూబాబాద్ నుంచి వచ్చి హనుమకొండ బస్టాండులో కలిశాం. పరకాల మీదుగా భూపాలపల్లి బస్సు. దారి పొడుగునా పత్తి చేలు. ఆమె ఒళ్లో వాళ్ల అమ్మ ఇచ్చిన సకినాల డబ్బా. ఎవరికని అడిగితే, "విచారణోళ్లకు ఇయ్యమన్నది. వీడియోల ఎట్లిస్త అంటె, చూపియ్యి అన్నది" అంది. ఆ మాటకు ఇద్దరం బస్సులో అందరూ తిరిగి చూసేలా నవ్వాం.

అన్న మమ్మల్ని క్వార్టర్‌లో దింపి, టేబుల్ ఫ్యాను సరిచేసి, డ్యూటీకి వెళుతూ గుమ్మంలో ఆగాడు. "చెల్లే, మూడు గంటలకు ఓపెన్‌కాస్టు గనిల బ్లాస్టింగ్ ఉంటది, యాది పెట్టుకో" అన్నాడు. ఆమె సరే అంది. మేమిద్దరం వెంటనే మరిచిపోయాం.

రెండు గంటలకు తెర మీద మనుషులు వచ్చారు. విచారణ బృందం నుంచి ఇద్దరు. ఒకరు తెల్లగడ్డం పెద్దాయన. ఇంకొకరు లాయరమ్మ, ఎదురుగా మా ఉత్తరం, పక్కన తన నోట్‌బుక్. మూడో చతురస్రంలో దుబాసీ అమ్మాయి. ముందుగా ఆ అమ్మాయే "నమస్కారమండీ, మాది కోస్తా వైపండీ, నేను పుట్టి పెరిగిందంతా ఇక్కడ విదేశంలోనేనండీ" అంది. ముచ్చటైన పిల్ల. నా వంతు వచ్చినప్పుడు, నేను మాట్లాడనని మాట ఇచ్చాను.

ఆమె మొదలుపెట్టింది. ఇంటి నుంచి దవాఖానకు ఏ తొవ్వన పోయేది, ఆ రోజు తొవ్వలో ఎవరెవరు ఉన్నారు. "తొవ్వ" దగ్గర దుబాసీ ఒకసారి ఆగింది, దారి అని ఊహించుకుని సరిగానే చెప్పింది. తర్వాత అసలు విషయం వచ్చింది.

"డ్యూటీ దిగుదామనుకునేటాళ్లకు సప్పుడైంది. పొద్దుమీకినంక జరసేపటికి మొదటాయనను తెచ్చిండ్రు. సోయి లేదు."

దుబాసీ ఇంగ్లిష్‌లో చెప్పడం నేను స్పష్టంగా విన్నాను. "తెల్లవారిన తర్వాత కొంచెంసేపటికి మొదటి మనిషిని తెచ్చారు. అతనికి..." అని ఆగి, తెలుగులో అడిగింది, "సోయి అంటే ఏమిటండీ? ఏదైనా వస్తువా?"

"సోయి అంటె... సోయే" అంది మా పిల్ల. ఆమె మనసు ఇక్కడ లేదు, ఆ వార్డులో ఉంది. దుబాసీ ఇంగ్లిష్ ఆమె చెవికి ఎక్కలేదు. వేళ్లతో గాలిలో వెతుక్కుని, చివరకు ఇంగ్లిష్ మాట దొరికి, "అన్‌కాన్షస్" అంది. దుబాసీ ఊపిరి పీల్చుకుంది. అందరూ ముందుకు సాగిపోయారు.

కానీ లాయరమ్మ మా ఉత్తరం వైపు చూసింది, నోట్‌బుక్ వైపు చూసింది, ఏదో ఒక గుర్తు పెట్టుకుంది. ముఖంలో ఏమీ మార్పు లేదు.  పొద్దున బజారులో కొట్టుకున్నారనే కదా ఆ ప్రభుత్వం చెప్పింది! పొద్దుమీకడం అంటే పొద్దు కుంగడం. ఆ "పొద్దు" విని దుబాసీ పొద్దున అనుకుంది. ఇంత దూరం వచ్చి, సర్టిఫికెట్ వదులుకుని, మా పిల్ల ఆ ప్రభుత్వం తరఫునే సాక్ష్యం చెప్పినట్టయింది. ఆ సంగతి ఆమెకే తెలియదు.

నేనేమో మాట్లాడకూడదు. మాట ఇచ్చాను. మాట తప్పితే సాక్ష్యం మొత్తం కొట్టేస్తారేమో. రెండు నిమిషాలు చీర కొంగు నలుపుతూ కూర్చున్నాను. చివరకు ఇరవై అయిదేళ్లుగా పిల్లల చేత చేయించిన పనే చేశాను. చెయ్యి పైకెత్తాను.

ముందుగా తెల్లగడ్డం పెద్దాయన గమనించాడు. "తోడుగా వచ్చినావిడ ఏదో అడుగుతున్నారు" అన్నాడు. ఆయన మొహంలో నవ్వు కనిపించకుండా ఉండాలన్న ప్రయత్నం కనిపించింది. "నీళ్లు కావాలా?"

"కాదు సార్. నేను సాక్ష్యం చెప్పను. ఒక్క కోరిక. మొదటి మనిషిని తెచ్చినప్పుడు గడియారంలో ఎంత అయిందో ఆమెనే అడగండి" అన్నాను ఇంగ్లిష్‌లో.  వ్యాకరణం తప్పలేదు, అదొక్కటే ఊరట.

పెద్దాయన అడిగాడు. మా పిల్ల ఆశ్చర్యంగా నా వైపు చూసి, చెప్పింది: "ఏడుంబావు. గోడకు గడియారం ఉంటుండె. అప్పటికే వార్డుల లైట్లేసినం. చీటి మీద టైము నేనే ఏసిన. డాక్టరమ్మ ఊకోదు, ఇరవై నాలుగు గంటల లెక్కలనే ఏయమంటది. పంతొమ్మిది పదిహేను అని రాసిన."

లాయరమ్మ కలం కింద పెట్టింది. "మీ ఉత్తరంలో సాయంత్రం అని ఉంది. ఇందాక ఉదయం అన్నట్టు విన్నాను. ఆ తేడా దగ్గర ప్రశ్నార్థకం పెట్టుకున్నాను" అంది.

"ఉదయమా? నేనెప్పుడన్న?" మా పిల్ల కుర్చీలోంచి సగం లేచింది. "పొద్దుమీకినంక అన్న! పొద్దుమీకుడు అంటె పొద్దున ఎట్లయితది?"

దుబాసీ అమ్మాయి ముఖం ఎర్రబడింది. "క్షమించండి. తప్పు నాదే. నాకు మా అమ్మమ్మ మాట్లాడే తెలుగే వచ్చండీ. మీ తెలుగు సినిమాల్లోనే విన్నాను. అందులో ఇలా మాట్లాడేవాళ్లు ఎప్పుడూ నవ్వించడానికే ఉండేవారు. వాళ్లేమంటున్నారో ఎప్పుడూ పట్టించుకోలేదు" అంది.

సినిమా హాళ్లలో మా మాటకు జనం నవ్వుతుంటే చిన్నప్పుడు నేనూ నవ్వాను, ఎందుకు నవ్వుతున్నానో తెలియకుండా. ఆ పిల్ల మీద కోపం రాలేదు. ఆ తప్పును ఒప్పుకోవడానికి ఎంత నిజాయితీ కావాలి! పెద్దాయన అందరినీ ఐదు నిమిషాలు నీళ్లు తాగమన్నాడు. తర్వాత, సాక్ష్యం మొదటినుంచి మళ్లీ చెప్పాలనీ, అనుమానం వచ్చిన ప్రతి మాట దగ్గరా దుబాసీ ఆగి సాక్షినే అర్థం అడగాలనీ తేల్చాడు. రెండోసారి చెప్పడం మొదటిదానికంటే బాగా సాగింది. తొవ్వ, సోయి, బుగులు, ఆగమాగం, పైలం. దుబాసీ ఒక్కో మాటా కాగితం మీద రాసుకుంటోంది. బుగులంటే భయం, ఆగమాగం అంటే గందరగోళం, పైలం అంటే జాగ్రత్త అని మా పిల్ల ఓపికగా చెబుతోంది. డిక్టేషన్‌లో మార్కులు రాని పిల్ల డిక్టేషన్ చెబుతోంది.

చప్పుళ్ల గురించి అడుగుతున్నారు. సరిగ్గా అప్పుడే, ఎన్ని పేలుళ్లు విన్నారని లాయరమ్మ అడిగిన క్షణాన, భూమి కింద నుంచి ధడేల్‌మంది. కిటికీ అద్దాలు గజగజలాడాయి. అలమరలో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి మోగాయి. తెరలో పెద్దాయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "ఏమైంది? మీరు క్షేమమేనా? కిటికీకి దూరంగా జరగండి!"

మా పిల్ల చెక్కుచెదరలేదు. "ఏం లేదు సార్. బొగ్గు" అంది. తర్వాత ఇంగ్లిష్‌లో కూడా చెప్పింది, "ఓన్లీ కోల్, సర్."

 ముందు లాయరమ్మ నవ్వు మొదలుపెట్టింది. ఆ తర్వాత దుబాసీ, నేను, చివరకు పెద్దాయన కూడా. కళ్లు తుడుచుకుంటూ ఆయన కూర్చున్నాడు. మా పిల్ల మాత్రం నవ్వి ఊరుకోలేదు.

"సార్, మంచిగైంది. ఇప్పుడు మీరు కూడ ఇన్నరు గద. రాళ్లు పేలిస్తె, బొగ్గు పేలిస్తె గిట్లుంటది. భూమి కదుల్తది, గ్లాసులు మోగుతయి. మా అన్న ఇంటికి వచ్చినప్పుడల్ల నేను ఈ సప్పుడు ఇంటనే ఉన్న. ఆ రోజు గిది గాదు. ఆ రోజు ఏ గ్లాసు మోగలే. సన్నగ, ఎండిన కట్టెలు ఇరిగినట్టు, ఒకటెన్క ఒకటి. నాకు తేడ తెలుస్తది."

దుబాసీ ఒక్క మాట కూడా పోకుండా చెప్పింది. లాయరమ్మ చాలాసేపు రాసింది. క్వారీ చప్పుళ్లని చెప్పిన ప్రభుత్వానికి భూపాలపల్లి బొగ్గు బావి నుంచి జవాబు వెళ్లిందని ఆ క్షణాన నాకు అనిపించింది.

చివర ఆమె సకినాల డబ్బా మూత తీసి తెర ముందు పెట్టింది. "మా అమ్మ పంపింది. చూపియ్యమన్నది" అంది. పెద్దాయన వంగి, శ్రద్ధగా చూసి, చాలా అందంగా ఉన్నాయని మీ అమ్మగారితో చెప్పండి అన్నాడు.

ఆ తర్వాత ఎదురుచూపులు. వర్షాకాలం పోయింది, చలికాలం వచ్చింది. మా పిల్ల మహబూబాబాద్‌లో ఒక చిన్న ప్రైవేటు దవాఖానలో చేరింది. సర్టిఫికెట్ రాలేదు, కొత్త నర్సు కిందే చేర్చుకున్నారు. నేను బడిలో ఖాళీ పీరియడ్‌లో ఫోన్ తీసి ఆ దేశం వార్తలు వెతికేదాన్ని. విచారణ నివేదిక వచ్చింది. అందులో ఆమె పేరు లేదు, ఒక అంకె ఉంది. ఆ అంకె పక్కన, మొదటి క్షతగాత్రుడు సాయంత్రం ఏడుంబావుకు చేరాడని ఉంది. దేశంలో అడుగు పెట్టనివ్వకపోయినా పది దేశాల్లో చెదిరిన సాక్షులు చెప్పింది ఒకదానితో ఒకటి సరిపోయిందని ఉంది.

నివేదిక వచ్చినంత మాత్రాన ఆ ప్రభుత్వం కదలలేదు. అంతా అబద్ధం అంది. అప్పుడు మిగతా దేశాలు కదిలాయి. అన్నీ కాదు. కొన్నిటికి ఆ దేశంతో వ్యాపారం ఉంది, అవి తల పక్కకు తిప్పుకున్నాయి. అది చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. కానీ మరికొన్ని గట్టిగా నిలబడ్డాయి. ఒకటి తన రాయబారిని వెనక్కి పిలిపించింది. అప్పు ఇవ్వాల్సిన బ్యాంకులు, పరిశీలకులను రానిచ్చాకే సంతకం అన్నాయి. అన్నిటికంటే పెద్ద దెబ్బ ఇంకోటి. ఆ దేశం ఆటల పోటీలు పెట్టబోతోంది, కొత్త స్టేడియం కట్టుకుంది. నాలుగు జట్లు మేం రామన్నాయి. ఆ వార్త నాకు ముందు చెప్పింది మా పిల్ల అన్న. షిఫ్టు దిగి, బొగ్గు మొహం కూడా కడుక్కోకుండా ఫోన్ చేశాడు.

"మేడం, ఇగ దిగొస్తరు చూడుండ్రి. జైలు గురించి అడిగితె ఊకున్నరు గని, మ్యాచ్‌లు పోతె ఊకుంటరా?"

అతను చెప్పినట్టే జరిగింది. రెండు వారాలకు ఆ ప్రభుత్వం, తన సొంత ఇష్టంతోనే అని నొక్కి చెబుతూ, ముగ్గురిలో ఇద్దరికి పది రోజుల వీసా ఇచ్చింది. మూడో వ్యక్తికి ఇవ్వలేదు. ఆయనే తెల్లగడ్డం పెద్దాయన. లాయరమ్మ వెళ్లింది, జైలులో డాక్టరమ్మను చూసింది. ఆ తర్వాత నాలుగు నెలలకు డాక్టరమ్మను బెయిలు మీద ఇంటికి పంపారు. కేసు ఇంకా ఉంది. కాల్చిన వాళ్లలో ఒక్కరికీ శిక్ష పడలేదు. ఇవన్నీ కలిపి చూస్తే గెలిచామా అంటే ఏం చెప్పాలో నాకు తెలియదు. మా పిల్లను అడిగితే, "ఆమె ఇంట్ల పండుకుంటుంది గద టీచర్" అంది.

దుబాసీ అమ్మాయి మాత్రం నన్ను వదల్లేదు. విచారణ పని పూర్తయ్యాక, అనుమతి తీసుకుని, నాకు సొంతంగా రాసింది. వారానికోసారి మాటల జాబితా పంపుతుంది, నేను అర్థాలు రాసి పంపుతాను. పోయిన నెల ఘనపూర్ వైపు ఒక మేస్త్రీ వేరే దేశంలో తను చూసింది చెప్పాల్సి వస్తే, దుబాసీగా ఈ అమ్మాయే కూర్చుందట. ఒక్క మాట దగ్గర కూడా తడబడలేదని గర్వంగా రాసింది. చివర "ఇగ మంచిగనే ఒస్తుంది టీచర్" అని తెలంగాణ మాటలో రాసి, తప్పులుంటే దిద్దమంది. దిద్దలేదు.

డాక్టరమ్మ మా పిల్లకు మొదటిసారి వీడియో కాల్ చేసిన రోజు నేను దంతాలపల్లిలోనే ఉన్నాను. మిర్చి ఏరే రోజులు. వాళ్ల అమ్మ రమ్మంటే ఆదివారం వెళ్లాను. కల్లంలో ఎర్రగా ఎండిన మిర్చి పరుపులా పరిచి ఉంది. ముగ్గురం మూతులకు గుడ్డలు కట్టుకుని రంగు పోయిన తాలు కాయలు ఏరుతున్నాం. అక్కడ సిగ్నల్ బాగుంది. ఫోన్ మోగింది.

తెర మీద సన్నటి ముసలావిడ. జుట్టు కత్తిరించి ఉంది. మా పిల్ల "మేడం" అంటూనే ఏడ్చేసింది. డాక్టరమ్మ కాసేపు ఏడవనిచ్చింది. తర్వాత ఇంగ్లిష్‌లో గట్టిగా అంది: "ఏమిటా చేతులు? అంత ఎర్రగా ఉన్నాయేం? ఆ చేతులతో కళ్లు తుడుచుకుంటున్నావా?"

అప్పటికే ఆలస్యమైంది. మిర్చి చేతులతో తుడుచుకున్న కళ్లు భగ్గుమన్నాయి. మా పిల్ల కేకలు పెడుతూ నీళ్ల కోసం పరుగెత్తింది. తల్లి ఫోన్ అందుకుని, అటు డాక్టరమ్మకు తెలుగు రాదన్న సంగతే పట్టించుకోకుండా, "చిన్నప్పటి సంది గింతే అమ్మా, చెప్తె ఇనదు. నువ్వు మంచిగున్నవా? అన్నం తింటున్నవా?" అంది. డాక్టరమ్మ తన భాషలో ఏదో జవాబు చెప్పింది. అమ్మ తల ఊపి, గుప్పెడు మిర్చి ఎత్తి తెర ముందు పట్టి రంగు చూపించింది.

పడమట మబ్బు కమ్ముకొచ్చింది. "పంతులమ్మా, పట్టా అందుకో!" అని అమ్మ, మిర్చి మీద కప్పే టార్పాలిన్ చూపిస్తూ కేకేసింది. మా పిల్ల కళ్లు కడుక్కుని తిరిగొచ్చింది. ఫోన్‌ను బస్తా మీద నిలబెట్టి, డాక్టరమ్మ చూస్తుండగానే, ముగ్గురం మిర్చిని కుప్ప చేయడానికి పరుగెత్తాం.